ఒకే వేలు, రెండు అంకెలు

ఆరో నెల దాటాక మా చెల్లికి ప్రెగ్నెన్సీ షుగర్ ఉందని తేలింది. మీటర్ తెచ్చుకుని రోజుకు నాలుగుసార్లు వేలు గుచ్చి చూసుకోమన్నారు. పరగడుపున ఒకసారి, మూడు పూటలా తిన్న తర్వాత ఒక్కోసారి. ఒక మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకు నా ఎదురుగానే చూసుకుంది. 124. మొహం వాడిపోయింది. నమ్మబుద్ధి కాక అదే వేలి నుంచి ఇంకో చుక్క పిండి, కొత్త స్ట్రిప్ పెట్టింది. 117. "అక్కా, ఇప్పుడు ఏది రాయను?" అంది. రెండు గంటల షుగర్ 120 లోపు ఉండాలని ఆమెకు చెప్పారు. ఒక అంకె గీత దాటింది, ఇంకోటి దాటలేదు. మధ్యలో గడిచింది ఒక్క నిమిషం.

నోట్‌బుక్ తీసుకుని తిరగేశాను. లిమిట్ లోపు ఉన్నవన్నీ నీలం ఇంకుతో, దాటినవి ఎర్ర ఇంకుతో రాసుకుంది. ఎర్రవాటి కింద రెండేసి గీతలు. కొన్నిచోట్ల ఆ పూట ఏం తిన్నదో రాసి, పక్కన చిన్న అక్షరాలతో "నా తప్పే" అని రాసుకుంది. ఆ మాట చూసినప్పటి నుంచీ ఈ వ్యాసం రాయాలని ఉంది.

ఆమె భయం అనవసరమని నేను అనను. కడుపులో బిడ్డ ఉన్నప్పుడు భయపడకుండా ఎవరుంటారు? కానీ ఆ భయంలో చాలా భాగం షుగర్ వల్ల వచ్చింది కాదని, మీటర్ మీద పడే అంకెను స్కూల్లో వేసే మార్కులా చదవడం వల్ల వచ్చిందని నాకు అనిపించింది. ఆ అంకె ఎక్కడ పుడుతుందో తెలిస్తే దాన్ని ఇంకోలా చదవొచ్చు.

ముందు ఆ "నా తప్పే" సంగతి. కడుపులో బిడ్డ ఎదుగుదలకు ముఖ్యమైన ఇంధనం గ్లూకోజ్. తల్లి తిన్నా, నిద్రపోతున్నా మావి (ప్లాసెంటా) గుండా అది బిడ్డకు అందుతూనే ఉండాలి. తల్లి కండరాలు దాన్ని మామూలు వేగంతో లాగేసుకుంటే బిడ్డకు మిగిలేది తక్కువ. అందుకని మావి తల్లి రక్తంలోకి కొన్ని హార్మోన్లు వదులుతుంది. ప్లాసెంటల్ లాక్టోజెన్, ప్లాసెంటల్ గ్రోత్ హార్మోన్, ప్రొజెస్టెరాన్ లాంటివి. రక్తంలోని గ్లూకోజ్‌ను కండరాల్లోకి చేర్చే ఇన్సులిన్‌కు తల్లి ఒంటి మీద ఉండే పట్టును ఇవి సడలిస్తాయి. నెలలు నిండే సమయానికి ఇన్సులిన్ ప్రభావం దాదాపు సగానికి పడిపోతుంది. షుగర్ ఉన్నా లేకపోయినా ప్రతి గర్భిణిలో జరిగేదే ఇది. బిడ్డ కోసం శరీరం చేసుకునే ఏర్పాటు.

ఈ లోటు పూడ్చడానికి తల్లి క్లోమం ఇన్సులిన్ తయారీని బాగా పెంచుతుంది. చాలామందిలో ఆ పెంపు సరిపోతుంది. కొందరిలో సరిపోదు, అప్పుడు షుగర్ పైకి కనిపిస్తుంది. వంశంలో మధుమేహం ఉండటం, వయసు, బరువు, ఇన్సులిన్ తయారుచేసే కణాల శక్తి, ఇవన్నీ కలిసి తేల్చే విషయం అది. మొన్న తిన్న స్వీటు మీద పెట్టగలిగే నేరం కాదు. ప్రపంచంలో పుట్టే బిడ్డల్లో సుమారు ఆరుగురిలో ఒకరి తల్లికి గర్భంతో ఉన్నప్పుడు షుగర్ ఎక్కువగా ఉంటోందని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021లో లెక్క వేసింది. ఇంతమందీ తప్పు చేసి ఉంటారా?

పరీక్ష సాధారణంగా 24 నుంచి 28 వారాల మధ్య పెట్టడానికి కారణమూ మావే. దాని హార్మోన్ల ఒత్తిడి అప్పటికి బాగా పెరుగుతుంది. క్లోమం ఆ బరువు మోయగలుగుతోందా లేదా అన్నది అప్పుడు తెలుస్తుంది. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళు తాగించి చూసేది అదే. తీపికి కడుపులో తిప్పుతుంటే, మోచేతి దగ్గర దూది అదిమి పట్టుకుని గంట, రెండు గంటలు గడియారం చూస్తూ కూర్చునే ఆ పరీక్ష అంటేనే చాలామందికి దడ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఒప్పుకున్న కొలత ప్రకారం పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153. మూడింట్లో ఏ ఒక్కటి ఆ అంకెను చేరినా ప్రెగ్నెన్సీ షుగర్ అంటారు. కొన్ని చోట్ల ముందుగా 50 గ్రాములతో చిన్న పరీక్ష చేస్తారు. దానిలో ఎక్కువ వచ్చినంత మాత్రాన షుగర్ ఉన్నట్టు కాదు, ఇంకో పరీక్ష చెయ్యాలని మాత్రమే. అలా రెండో పరీక్షకు వెళ్ళినవాళ్ళలో ఎక్కువమందికి షుగర్ లేదనే తేలుతుంది. ఆ మధ్య రోజుల్లో నిద్ర మానుకున్న వాళ్ళకు ఈ మాట ముందే చెప్పి పంపితే ఎంత బాగుంటుందో!

ఈ గీతలు ఎవరు గీశారు అన్నది నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది. 1964లో బోస్టన్‌లో ఓసలివన్, మహాన్ అనే ఇద్దరు 752 మంది గర్భిణుల గ్లూకోజ్ పరీక్షలను ఆధారం చేసుకుని మొదటి ప్రమాణాలు ప్రకటించారు. ఆ గీతలకు వాళ్ళు చూసుకున్నది పుట్టబోయే బిడ్డ సంగతి కాదు. ఈ తల్లుల్లో ఎవరికి ముందుముందు మధుమేహం వస్తుందో చెప్పగలగడం. బిడ్డల సంగతి పెద్ద ఎత్తున తేల్చడానికి చాలా ఏళ్ళు పట్టింది. తొమ్మిది దేశాల్లో సుమారు 25,000 మంది గర్భిణులతో సాగిన హాపో అధ్యయనం ఫలితాలు 2008లో వచ్చాయి. ఇక్కడి దాకా క్షేమం, ఇది దాటితే ప్రమాదం అనే అంచు దొరుకుతుందేమోనని చూస్తే అలాంటిదేమీ దొరకలేదు. తల్లి షుగర్ పెరిగేకొద్దీ బిడ్డ బరువు, కాన్పు ఇబ్బందులు కొంచెం కొంచెంగా పెరుగుతూ పోయాయి. అది కొండ అంచు కాదు, వాలు నేల. వాలు మీద ఎక్కడో ఒకచోట మేకు పాతక తప్పదు కాబట్టి నిపుణులు కూర్చుని, సగటు షుగర్ ఉన్నవాళ్ళతో పోలిస్తే ముప్పు 1.75 రెట్లు అయ్యే చోట పాతారు. 92, 180, 153 అలా పుట్టినవే.

ఇది తెలిశాక 153కి, 152కి మధ్య పాతాళం కనిపించదు. 152 వచ్చినవాళ్ళు ఇక నిర్లక్ష్యంగా ఉండొచ్చని కాదు. 154 వచ్చినవాళ్ళు కూలబడిపోవాల్సిన పనీ లేదు. ఒకరికి వైద్యం దొరుకుతుంది, ఒకరికి దొరకదు, తేడా అంతే. నన్నడిగితే ఆ వైద్యం దొరకడం మంచిదే.

ఎందుకంటే బిడ్డ వైపు జరిగేది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. దాన్ని 1950ల్లో డెన్మార్క్ వైద్యుడు యోర్గెన్ పెడెర్సెన్ వివరించాడు. తల్లి రక్తంలోని గ్లూకోజ్ మావి దాటి బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. గ్లూకోజ్ మరీ ఎక్కువ వస్తుంటే బిడ్డ క్లోమమే అదనంగా ఇన్సులిన్ తయారుచేస్తుంది. దాంతో ఒంట్లో కొవ్వు చేరి బిడ్డ బరువెక్కుతుంది, కాన్పు కష్టమవుతుంది. బొడ్డు కోశాక తల్లి గ్లూకోజ్ ఆగిపోతుంది గానీ బిడ్డలో ఇన్సులిన్ ఇంకా ఎక్కువే ఉంటుంది. కాబట్టి కొన్ని గంటలపాటు బిడ్డ షుగర్ పడిపోవచ్చు. అలాంటి బిడ్డలకు పుట్టగానే మడమ మీద గుచ్చి చూసేది అందుకే. అయితే ఈ బరువెక్కడం వారాల తరబడి సాగే పని. ఒక మధ్యాహ్నపు 124తో జరిగిపోయేది కాదు.

ఇక మీటర్ సంగతి. ఇంట్లో వాడే గ్లూకోమీటర్లకు 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. షుగర్ 100, ఆపైన ఉన్నప్పుడు వందలో 95 రీడింగులు ల్యాబ్ విలువకు 15 శాతం అటూ ఇటూ ఉండాలి. 100 లోపు ఉంటే 15 అంకెలు అటూ ఇటూ. అంటే అసలు షుగర్ 120 ఉన్నప్పుడు మీటర్ 102 చూపినా, 138 చూపినా ప్రమాణం ప్రకారం అది మంచి మీటరే. మా చెల్లికి వచ్చిన 124, 117 రెండూ ఒకే షుగర్ అయి ఉండొచ్చు. ఆ రోజు కాగితం మీద లెక్క వేసి చూపిస్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఇన్నాళ్ళూ నేను ఏడ్చింది మీటర్ గురించా?" అంది.

చేతుల సంగతీ ఉంది. పండు ఒలిచిన వేళ్ళు కడుక్కోకుండా గుచ్చుకుంటే అంకె అమాంతం పెరిగిపోతుంది, ఎందుకంటే మీటర్ ఆ పండులోని చక్కెరను కూడా కలిపి చూస్తుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకుని, వేలి కొసన కాకుండా పక్కన గుచ్చుకుంటే నొప్పీ తక్కువ, కొలతా నయం. ఒక్కసారి అనుకోకుండా ఎక్కువ వస్తే చేతులు కడుక్కుని మళ్ళీ చూడటం సబబే. కానీ తక్కువ వచ్చేదాకా చూస్తూ పోయి, ఆ తక్కువ అంకెనే రాసుకోవడం మాత్రం వద్దు. డాక్టర్ మందు నిర్ణయించేది ఆ పుస్తకం చూసే.

భయానికీ షుగర్‌కూ సంబంధం లేదా అంటే, ఉంది. 1913లో హార్వర్డ్ శాస్త్రవేత్త వాల్టర్ కానన్, ఆ ఏడాది ఆఖరి పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్ అయిన వెంటనే విశ్వవిద్యాలయ జట్టులో 25 మంది మూత్రం పరీక్షించాడు. 12 మందిలో చక్కెర కనిపించింది. వాళ్ళలో ఐదుగురు మైదానంలో అడుగు కూడా పెట్టలేదు. పిలుపు వస్తుందేమోనని బయట కూర్చుని ఎదురుచూసినవాళ్ళు, అంతే. ఆందోళన కలిగినప్పుడు అడ్రినలిన్ కాలేయాన్ని తట్టి, అక్కడ దాచుకున్న గ్లూకోజ్‌ను రక్తంలోకి వదిలిస్తుంది. పరిగెత్తాల్సి వస్తుందేమోనని ఒళ్ళు ముందే సిద్ధమవుతుంది.

ఇది చదివి "అయితే నా టెన్షన్ వల్లే ఇదంతానా" అని కొత్త దిగులు పెట్టుకోవద్దు. మామూలు కంగారుతో పెరిగేది కాస్తంత, కాసేపు. మావి చేసే పని ముందు అది చిన్న విషయం. భయం అసలు నష్టం చేసేది ఇంకో దారిలో. అంకె చూడాలంటే దడ పుట్టి కొందరు పరీక్షే మానేస్తారు. కొందరు అంకె తగ్గాలని కడుపు మాడ్చుకుంటారు. ఈ రెండోది నన్ను మరీ బాధపెడుతుంది. తినకుండా తెచ్చుకున్న 95 మీద సంతోషపడటానికి లేదు, ఎందుకంటే బిడ్డ ఎదగాల్సింది ఆ తిండితోనే. తిన్న తర్వాత ఓ పావుగంట నడవడం దీనికన్నా ఎంతో మేలు. కదిలే కండరం ఇన్సులిన్ కోసం చూడకుండానే రక్తంలోంచి గ్లూకోజ్ లాక్కోగలదు. డాక్టర్ నడవొద్దని చెప్పి ఉంటే తప్ప ఇది ఎవరైనా చేయొచ్చు.

పరగడుపు అంకె గురించి విడిగా ఒక మాట చెప్పాలి, అందరికంటే ఎక్కువగా ఏడిపించేది అదే కాబట్టి. రాత్రంతా ఏమీ తినకపోయినా పొద్దున్నే 98 చూపిస్తే ఎవరికైనా అన్యాయం అనిపిస్తుంది. ఆ షుగర్ కాలేయం నుంచి వస్తుంది. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ పెరిగి కాలేయం చేత గ్లూకోజ్ విడుదల చేయిస్తాయి. పగలు ఎంత కట్టుదిట్టంగా తిన్నా ఇది పూర్తిగా లొంగకపోవచ్చు. అలాంటప్పుడు డాక్టర్ రాత్రి పూట ఇన్సులిన్ రాస్తే మీరు ఓడిపోయినట్టు కాదు. క్లోమం చేయలేకపోతున్న పనిని బయటి నుంచి అందించడం అది. అందించిన ఆ ఇన్సులిన్ బిడ్డను చేరదని పెడెర్సెన్ మాటల్లో ఇందాకే చూశాం.

వైద్యం వల్ల బిడ్డకు మేలు జరుగుతుందా అన్నదానికి ఆస్ట్రేలియా పరిశోధకులు 1,000 మంది గర్భిణులతో చేసి, 2005లో ప్రకటించిన అధ్యయనం బలమైన సమాధానం ఇచ్చింది. మామూలు సంరక్షణలో ఉన్నవాళ్ళ బిడ్డల్లో 4 శాతానికి తీవ్రమైన ఇబ్బందులు ఎదురైతే, ఆహార సలహా, షుగర్ పరీక్షలు, అవసరమైతే ఇన్సులిన్ అందినవాళ్ళ బిడ్డల్లో అది 1 శాతం. కాన్పయిన మూడు నెలలకు తల్లుల మనసు ఎలా ఉందో కూడా అడిగారు. రోజూ వేళ్ళు గుచ్చుకుని, తిండి లెక్కలు చూసుకున్న ఆ రెండో గుంపులోనే డిప్రెషన్ తక్కువగా కనిపించింది. మొదటిసారి చదివినప్పుడు నేను తారుమారుగా చదివానేమో అనుకున్నాను. పక్కన మనిషి ఉండి "ఈ అంకెకు ఇది చేద్దాం" అని చెబుతుంటే అంకె మోయగలిగినంత బరువుకు వస్తుందేమో. ఇది నా ఊహ.

మా చెల్లి ఎర్ర ఇంకు పెన్ను నాకు ఇచ్చేసింది. నోట్‌బుక్‌లో వారానికి ఒక పేజీ గీసుకుంది, అన్నీ ఒకే ఇంకుతో. ఏ రోజుకు ఆ రోజు లెక్క చూసుకోకుండా ఆదివారం నాడు పేజీ మొత్తం చూసేది. ఒక పూట అంకె వరుసగా మూడు నాలుగు రోజులు లిమిట్ దాటితే దాని పక్కన "అడగాలి" అని రాసుకునేది. "నా తప్పే" ఉండే చోటే. అయినా కొన్ని రాత్రులు నిద్ర పట్టలేదు. ఆ సంగతి కూడా షుగర్ అంకెలతో పాటే డాక్టర్‌కు చెప్పింది. రెండు వారాలు దాటి నిద్ర, ఆకలి, ఏడుపు అదుపు తప్పితే ఎవరైనా చెప్పాల్సిందే. దానికీ వైద్యం ఉంది.

కాన్పుతో మావి బయటికి వచ్చేసరికి ఆ హార్మోన్లూ పోతాయి, షుగర్ చాలామందిలో త్వరగా మామూలుకు వస్తుంది. అక్కడితో అయిపోయిందనుకుని ఎక్కువమంది వదిలేసే పరీక్ష ఒకటుంది. కాన్పయిన 4 నుంచి 12 వారాల లోపు మళ్ళీ 75 గ్రాముల గ్లూకోజ్‌తో చూసుకోవాలి. ఆ తర్వాత కూడా ఒకటి నుంచి మూడేళ్ళకోసారి షుగర్ చూసుకుంటూ ఉండాలి, ఎందుకంటే ఈ తల్లులకు ముందుముందు టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా చాలా రెట్లు ఎక్కువ. ఓసలివన్, మహాన్ 1964లో వెతికింది సరిగ్గా దీన్నే.

మా చెల్లి ఎనిమిదో వారంలో వెళ్ళింది. అదే తీపి నీళ్ళు, అదే రెండు గంటలు, మోచేతి దగ్గర అదే దూది. ఈసారి పాప నా ఒళ్ళో ఉంది. గడియారం వైపు చాలాసార్లు చూసింది గానీ, పాలకు వేళవుతోందని.