వీధి తలుపు తాళం, బీరువా తాళం

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో మీరో ప్రశ్న అడిగారు. "తాతయ్యా, మన వైఫైకి పాస్‌వర్డ్ ఉంది కదా, మళ్లీ షేర్ చేసిన ఫోల్డర్‌కు ఇంకో పాస్‌వర్డ్ ఎందుకు?" అని. అప్పుడేదో పొడిపొడిగా చెప్పి ఊరుకున్నాను. ఫోన్ పెట్టేశాక మనసు ఒప్పలేదు. రెండు మాటల్లో తేలే సంగతి కాదది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నాకు జరిగింది చెబుతాను. కొన్నేళ్ల కిందట ఇంట్లో ఒక కంప్యూటర్‌లో పెద్ద ఫోల్డర్ పెట్టి అందరికీ అందేలా షేర్ చేశాను. మీ నాన్న చిన్నప్పటి ఫొటోలు, ఇంటి కాగితాల స్కాన్‌లు, మీ నానమ్మ పాడగా రికార్డు చేసిన పాటలు అన్నీ అందులోనే ఉండేవి. ఎవరికైనా ఇట్టే తెరుచుకోవాలని అనుమతుల దగ్గర "ఎవ్రీవన్" (అందరూ) ఎంచుకుని, "ఫుల్ కంట్రోల్" (చూడటం, మార్చడం, తీసేయడం అన్నీ) ఇచ్చేశాను. ఒకరోజు చుట్టాలు వచ్చారు. వాళ్లబ్బాయి వైఫై పాస్‌వర్డ్ అడిగితే ఇచ్చాను. లాప్‌టాప్‌లో ఏదో వెతుక్కుంటూ ఆ ఫోల్డర్‌లోకి వెళ్లాడు, పొరపాటున కొంత భాగం డిలీట్ చేశాడు. విండోస్‌లో నెట్‌వర్క్ మీదుగా డిలీట్ చేసిన ఫైలు మామూలుగా రీసైకిల్ బిన్‌లోకి రాదు, నేరుగా పోతుంది. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. మీ నానమ్మ పాటల్లో నాలుగు మళ్లీ దొరకలేదు.

ఆ పిల్లాడిని నేనేమీ అనలేదు. అనడానికి ఏముంది? బీరువా బార్లా తెరిచి పెట్టింది నేను.

మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. వైఫై పాస్‌వర్డ్ వీధి తలుపుకు వేసే తాళం. ఫోల్డర్‌కు పెట్టేది బీరువా తాళం. ఇంటికొచ్చిన వాళ్లను లోపలికి పిలుస్తాం, కూర్చోబెడతాం. అంతమాత్రాన బీరువా తాళంచెవి వాళ్ల చేతిలో పెట్టం. ఇంట్లోకి వచ్చేది మనుషులు మాత్రమే కాదు. టీవీ, కెమెరా, వైరస్ పట్టిన ఎవరిదో ఫోన్ కూడా అదే పాస్‌వర్డ్‌తో లోపలికొస్తాయి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత మీరు వినే ఉంటారు. నెట్‌వర్క్ విషయంలో అది అక్షరాలా నిజం.

వీధి తలుపు సంగతి ముందు చూద్దాం. వైర్‌తో కలిపిన నెట్‌వర్క్‌లోకి రావాలంటే ఎవరైనా ఇంట్లో అడుగుపెట్టి వైరు గుచ్చాలి. వైఫై రేడియో తరంగం, గోడ దగ్గర ఆగదు. బయట నిలబడినవాడికి కూడా అందుతుంది. అందుకే ఆ తరంగాల్లో వెళ్లే సమాచారాన్ని గుప్తలిపిలోకి మార్చి పంపుతారు. 1997లో వైఫై ప్రమాణంతో పాటే వచ్చిన మొదటి తాళాన్ని వెప్ అంటారు. దాన్ని ఎలా విప్పవచ్చో 2001లోనే పరిశోధకులు లెక్కతో సహా చూపించారు. దాని బదులుగా ఇంకా గట్టి తాళాలు 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. మీ రౌటర్ (ఇంట్లో వైఫై ఇచ్చే పెట్టె) సెట్టింగ్స్‌లో డబ్ల్యూపీఏ3 కనిపిస్తే అదే పెట్టండి. పాత ఫోన్లు దానికి కలవకపోతే డబ్ల్యూపీఏ2 చాలు. వెప్ మాత్రం కనిపించినా ముట్టుకోవద్దు.

తాళం మంచిదైనా తాళంచెవి మరీ తేలికైతే లాభం లేదు. డబ్ల్యూపీఏ2 పాస్‌వర్డ్‌లో 8 నుంచి 63 అక్షరాలు ఉండవచ్చు. చాలామంది కనీసానికే సరిపెట్టి, ఎనిమిది అంకెల పుట్టినతేదీ పెట్టేస్తారు. ఎనిమిది అంకెలంటే పది కోట్ల అవకాశాలు కదా అనిపిస్తుంది. కానీ తేదీలు అన్ని ఎక్కడున్నాయి? ఏడాదికి 365 చొప్పున నూరేళ్లకు లెక్కేసినా, లీపు రోజులతో కలిపి 36,525 దగ్గర ఆగిపోతాయి. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. మీ ఫోన్ రౌటర్‌తో కలిసేటప్పుడు రెంటి మధ్య జరిగే పలకరింపును బయటివాడు రికార్డు చేసుకుని వెళ్లిపోవచ్చు. తన చోట తీరిగ్గా కూర్చుని ఒక్కో పాస్‌వర్డ్ వేసి చూసుకుంటాడు. మీ రౌటర్‌కు ఆ సంగతే తెలియదు. ఆ 36,525 తేదీలూ ఒక మంచి గేమింగ్ కంప్యూటర్‌కు కొద్ది సెకన్ల పని. డబ్ల్యూపీఏ3లో ఈ వీలు తీసేశారు. ప్రతి ఊహకూ రౌటర్‌నే అడగాలి, ఇంటికి తీసుకెళ్లి ప్రయత్నించడం కుదరదు.

కాబట్టి పాస్‌వర్డ్ పొడుగ్గా పెట్టండి. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపితే గుర్తుంచుకోవడం తేలిక, ఊహించడం కష్టం. పద్యపాదాలు, సామెతలు, పాటల పల్లవులు పెట్టకండి. పదిమందికి తెలిసినవి ఊహించేవాడికీ తెలుస్తాయి.

మీకు లెక్కలంటే ఇష్టం కాబట్టి ఇంకొకటి చెబుతాను. చాలా రౌటర్లలో డబ్ల్యూపీఎస్ అనే సౌకర్యం ఉంటుంది. పాస్‌వర్డ్ టైప్ చేయకుండా ఎనిమిది అంకెల పిన్‌తో కలిసిపోవచ్చు. అందులో ఒక లోపం 2011లో బయటపడింది. మొదటి నాలుగు అంకెలు సరిపోయాయో లేదో రౌటర్ విడిగా చెప్పేస్తుంది. అంటే ఆ నాలుగింటికి 10,000 ప్రయత్నాలు చాలు. మిగిలిన నాలుగింటిలో చివరి అంకె ముందున్న ఏడింటినుంచి లెక్కగట్టి వచ్చేదే. కాబట్టి ఊహించాల్సినవి మూడే, 1,000 ప్రయత్నాలు. మొత్తం 11,000. పది కోట్లు ఉండాల్సిన చోట పదకొండు వేలు! ఈ లెక్క తెలిసిన రోజునే నేను మా రౌటర్‌లో పిన్ పద్ధతి ఆపేశాను. మీరూ ఆపేయండి.

నెట్‌వర్క్ పేరు కనబడకుండా దాచడం, ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్యను (చిరునామాను) బట్టి ఫలానా పరికరాలనే రానివ్వడం లాంటివి కొందరు గట్టిగా చెబుతారు. వాటి మీద భరోసా పెట్టుకోవద్దు. ఆ పేరూ, ఆ చిరునామాలూ గాలిలో తేటగానే వెళ్తుంటాయి, వినాలనుకున్నవాడు వింటాడు.

రౌటర్ సెట్టింగ్స్ పేజీకి ఉండే పాస్‌వర్డ్ వేరు. కొన్నప్పుడు వచ్చినదాన్ని అలాగే వదిలేయకండి. 2016లో మిరాయ్ అనే వైరస్ 60 చిల్లర పేరు, పాస్‌వర్డ్ జతలను మాత్రమే వేసి చూస్తూ లక్షల కెమెరాలను, రౌటర్లను పట్టేసింది. అవన్నీ తయారీదారులు పెట్టినవీ, జనం మార్చనివీ.

ఇక బీరువా. నేను చెప్పాలనుకున్న అసలు విషయం ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

ఫోల్డర్ షేర్ చేసేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఎవరు చూడవచ్చు? చూసినవాళ్లు ఏం చేయవచ్చు? మొదటిదానికి "ఎవ్రీవన్" అన్నది దాదాపు ఎప్పుడూ తప్పు జవాబే. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో అకౌంట్ తయారుచేసి, ఆ పేర్లనే చేర్చండి. రెండోదానికి "రీడ్" (చదవడం మాత్రమే) తో మొదలుపెట్టండి. ఫొటోలు చూడటానికి, పాటలు వినడానికి అది చాలు. కొత్త ఫైళ్లు పెట్టాల్సినవాళ్లకు మాత్రమే మార్చే హక్కు ఇవ్వండి. ఆ రోజు నేను ఈ ఒక్క పని చేసి ఉంటే ఆ నాలుగు పాటలు ఇప్పటికీ ఉండేవి.

మొత్తం డ్రైవ్‌ను షేర్ చేయవద్దు, కావలసిన ఫోల్డర్ ఒక్కటే చేయండి. విండోస్ మొదటిసారి ఒక నెట్‌వర్క్‌లో చేరినప్పుడు అది ప్రైవేటా పబ్లికా అని తేల్చుకోవాలి. బయట ఎక్కడ కలిపినా పబ్లిక్ ఉంచండి. అప్పుడు మీ ఫోల్డర్లు పక్కవాళ్లకు కనబడవు. షేరింగ్ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్ రక్షణ ఆపేస్తే ఫైళ్లు తేలిగ్గా తెరుచుకుంటాయని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ తేలికే ప్రమాదం.

ఫైళ్లు పంచుకునే పద్ధతికి ఎస్‌ఎంబీ అని పేరు. దాని మొదటి వెర్షన్ ఇంకా వాడుతున్న పరికరం ఇంట్లో ఉంటే మార్చేయండి. 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ ఆ పాత వెర్షన్‌లోని లోపం పట్టుకునే 150 దేశాల వరకూ పాకింది. ఎవరూ ఏదీ క్లిక్ చేయనక్కర్లేదు. ఒక కంప్యూటర్‌కు అంటితే చాలు, నెట్‌వర్క్‌లో ఉన్న మిగతా వాటిని అదే వెతుక్కుంటూ వెళ్లేది. ఆసుపత్రుల్లో పనులు ఆగిపోయాయి. బాధ కలిగించేదేమిటంటే, ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్ మార్చి 14నే వచ్చేసింది. దాదాపు రెండు నెలలు చేతిలో ఉంది. "తర్వాత చేద్దాం" అన్న బటన్ మీరు నొక్కబోయినప్పుడల్లా ఆ రెండు నెలలు గుర్తు తెచ్చుకోండి.

ఇంటికొచ్చే స్నేహితుల కోసం రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ పెట్టండి. ఇంటర్నెట్ వస్తుంది, ఫోల్డర్లు కనబడవు. టీవీ, కెమెరాలను కూడా అందులోనే కలపవచ్చు. పెట్టాక నమ్మి ఊరుకోవద్దు. ఒక ఫోన్‌ను గెస్ట్‌కు కలిపి ఫోల్డర్ తెరుచుకుంటుందేమో మీరే చూడండి. చదవడానికి మాత్రమే హక్కున్న అకౌంట్‌తో ఒక ఫైలు డిలీట్ చేయబోయి చూడండి. కుదరదని చెప్పాలి.

ఊరెళ్లినప్పుడు కూడా ఫైళ్లు అందాలని, ఫోల్డర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచేలా రౌటర్‌లో దారి ఇవ్వకండి. అవసరమైతే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా గుప్తలిపిలో నడిచే రహస్య దారి) ద్వారా ఇంటి నెట్‌వర్క్‌లోకి వచ్చి, అక్కణ్నుంచి తెరవాలి.

ఇన్ని చేసినా ఒక కాపీ విడిగా ఉండాల్సిందే. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌లు, మార్చే హక్కున్న ప్రతి షేర్ ఫోల్డర్‌నూ పాడుచేస్తాయి. అందుకే నేను ప్రతి ఆదివారం ఒక డిస్క్‌కు బ్యాకప్ తీసి, అవగానే వైరు పీకి లోపల పెడతాను. ఎప్పుడూ తగిలించి ఉంచిన డిస్క్‌కు కూడా అదే గతి పడుతుంది.

మీరు వచ్చేసరికి ఇక్కడి ఫోల్డర్ సిద్ధంగా ఉంటుంది. మీ ఇద్దరికీ వేర్వేరు అకౌంట్లు తయారుచేశాను. మిగిలిన నానమ్మ పాటలు "రీడ్" తో ఉంటాయి, మీ ఫొటోలకు విడిగా ఒక ఫోల్డర్, అందులో మీ ఇష్టం. పాస్‌వర్డ్‌లు మాత్రం ఉత్తరంలో రాయడం లేదు. మీరొచ్చాక కీబోర్డ్ మీకిచ్చి నేను అటు తిరుగుతాను, మీరే పెట్టుకోండి.

ప్రేమతో,
తాతయ్య