తీసినవాడిదే ఫోటో అనుకుంటున్నారా? ఒక ఫ్రీలాన్స్ ఫోటోగ్రాఫర్ చెప్పే అపోహలు, వాస్తవాలు

పొద్దున రక్తదాన శిబిరం, మధ్యాహ్నం అండర్-14 కబడ్డీ, సాయంత్రం ఎవరిదో రిటైర్మెంట్ ఫంక్షన్. సీజన్లో ఫ్రీలాన్సర్ ఆదివారం ఇలాగే గడుస్తుంది. లెన్సులు మారతాయి గానీ జనం అడిగే ప్రశ్నలు మారవు. వాటిలో ఒక్కదాని గురించి కాస్త ఎక్కువగా రాస్తాను. డబ్బులు పోతున్నదీ, స్నేహాలు చెడుతున్నదీ దాని దగ్గరే. మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: షట్టర్ నొక్కినవాడిదే కాపీరైట్.

వాస్తవం: డబ్బు తీసుకుని తీసిన ఫోటో అయితే, మన దేశంలో మామూలుగా కాదు. 1957 కాపీరైట్ చట్టంలో 17(బి) అని ఒక క్లాజు ఉంది. ఎవరైనా అడిగితే, ప్రతిఫలం తీసుకుని ఫోటో తీశామనుకోండి. వేరే ఒప్పందం ఏదీ లేకపోతే దాని కాపీరైట్‌కు మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. ఫోటోగ్రాఫర్ కాదు.

ఈ మాట చెప్తే మా వాళ్లు నా మీద విరుచుకుపడతారు. "యూట్యూబ్‌లో అలా చెప్పలేదే అన్నా" అంటారు. ఆ వీడియోలు అమెరికా వాళ్లవి. అక్కడ ఫ్రీలాన్సర్ తీసిన ఫోటో మామూలుగా ఫ్రీలాన్సర్‌దే. బ్రిటన్‌లో కూడా 1988 చట్టం తర్వాత అంతే. అక్కడి రూలును ఎవరో తెలుగులోకి మార్చి వాట్సాప్ గ్రూపులో పడేస్తారు, ప్రతి సీజన్లో అది మళ్లీ తిరుగుతుంది. ఫార్వర్డ్ చేసే ముందు చట్టం తెరిచి ఆ నాలుగు లైన్లు చదవడానికి ఎవరికీ తీరికుండదు.

ఒకసారి ఒక ప్రైవేటు స్కూలు పీఈటీ సార్ ఫోన్ చేశారు. స్పోర్ట్స్ డే ఫోటోలు స్కూలు మ్యాగజైన్లో వేశారట. తీసిన కుర్రాడు "పర్మిషన్ లేకుండా వేశారు, డబ్బు కట్టకపోతే నోటీసు పంపిస్తా" అని మెసేజ్ పెట్టాడు. సార్ గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది. "యాజమాన్యానికి తెలిస్తే నా ఉద్యోగం ఉంటుందా అండీ?" అని అడిగారు. నేను మూడే అడిగాను: అతన్ని పిలిచింది మీరేనా? డబ్బు ఇచ్చారా? కాగితం మీద ఏమైనా రాసుకున్నారా? పిలిచింది స్కూలే, డబ్బు చెక్కుతో ఇచ్చారు, బిల్లు తప్ప వేరే కాగితం లేదు. "అయితే హాయిగా నిద్రపోండి సార్" అన్నాను.

ఆ కుర్రాడు నాకు తెలిసినవాడే. ఎండలో రోజంతా నిలబడి తీసిందాని మీద హక్కు లేదంటే ఎవరికైనా కడుపు మండుతుంది, అతన్ని తిట్టబుద్ధి కాలేదు. ఫోటో మూలన వాటర్‌మార్క్ వేశాను కదా అన్నాడు. వాటర్‌మార్క్ వేసినంత మాత్రాన లేని హక్కు పుట్టుకురాదు. అయితే అతనికి మిగిలేది కూడా ఒకటుంది. కాపీరైట్ వేరేవాళ్లదైనా, తీసింది నేనే అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద ఫోటోగ్రాఫర్‌కే ఉంటుంది. స్కూలు వాళ్లు తర్వాతి సంచికలో అతని పేరు వేశారు, గొడవ అక్కడితో ఆగింది.

ఇప్పుడు దీన్నే తిరగేసి చూడండి. సేవా కార్యక్రమానికి ఉచితంగా వెళ్లి తీశాం. ప్రతిఫలం లేదు కాబట్టి 17(బి) వర్తించదు, హక్కు తీసినవాడి దగ్గరే ఉంటుంది. అంటే డబ్బిచ్చిన స్కూలుకు హక్కు వచ్చింది, పైసా ఇవ్వని ట్రస్టుకు రాలేదు! ట్రస్టు వాళ్లేమో "మా కార్యక్రమమే కదా" అని ఆ ఫోటోను స్పాన్సర్ కంపెనీ క్యాలెండర్‌కు కూడా ఇచ్చేస్తారు. ఎవరూ పిలవకుండా టోర్నమెంటుకు మనమే వెళ్లి, తీసినవి తల్లిదండ్రులకు అమ్మితే కూడా ఇంతే. వాళ్లు కొనేది కాపీని, కాపీరైట్‌ను కాదు.

2012 సవరణ తర్వాత ఫోటో మీద కాపీరైట్ తీసినవాడి జీవితకాలం, ఆపైన మరో 60 ఏళ్లు ఉంటుంది. అంత కాలం నడిచే హక్కును "సరే అన్నా, వచ్చెయ్" అనే ఫోన్ మాటకు వదిలేస్తున్నాం. కొటేషన్లోనే నాలుగు సంగతులు రాయండి: కాపీరైట్ ఎవరిది, వాళ్లు ఎక్కడెక్కడ వాడుకోవచ్చు, నా పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా లేదా, పేరు వేయాలా వద్దా. కింద ఇద్దరి సంతకాలు ఉండాలి. ఉచితంగా చేసే పనికి కూడా ఇది రాయాల్సిందే. మొహమాటం అంటారా, గొడవ వచ్చాక దానికన్నా ఎక్కువే ఇబ్బంది పడతారు. పెద్ద మొత్తం పనైతే లాయరుకు చూపించండి.

రా ఫైళ్ల (కెమెరా నుంచి ఎడిట్ చేయకుండా వచ్చే అసలు ఫైళ్లు) సంగతీ అందులోనే రాసుకోండి. కాపీరైట్ ఉంది కాబట్టి రా ఫైళ్లన్నీ వచ్చి తీరాలని క్లయింట్లు అనుకుంటారు. అవి రెండూ వేరు. ఇక కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్నది కూడా అపోహే.

అపోహ: సేవా కార్యక్రమం కదా, ఎవరి ముఖమైనా పెట్టుకోవచ్చు.

పుట్టినరోజుకు పిల్లల ఆశ్రమంలో భోజనాలు పెట్టడం మంచిదే. పళ్లెం పట్టుకున్న పిల్లాడి ముఖాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టడం మాత్రం నాకు నచ్చదు. అలాంటి పిల్లల గుర్తింపు బయటపడకుండా 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్‌లో ఆంక్షలున్నాయి, ఉల్లంఘిస్తే 6 నెలల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. నేను వడ్డించే చేతులు, వెనక నుంచి పంక్తి, దాతల ముఖాలు తీస్తాను. "పిల్లలు కనపడట్లేదండీ" అని దాతలు అలుగుతారు. అలగనివ్వండి.

అపోహ: ఖరీదైన కెమెరా ఉంటే ఇండోర్ మ్యాచ్ ఫోటో దానంతటదే బాగా వస్తుంది.

రాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సైకిళ్లు; ఒక్కో సైకిల్‌కు రెండుసార్లు చొప్పున హాల్లో చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. 1/1000 షట్టర్ స్పీడులో ఒక ఫ్రేము వెలుగుగా, పక్కది పసుపుగా వస్తే కెమెరా పాడైందని కంగారుపడకండి. కెమెరాలో ఈ మిణుకును తట్టుకునే యాంటీ ఫ్లికర్ సెట్టింగ్ ఆన్ చేయండి, ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే సెట్టింగ్) 6400కి పోయినా భయపడకండి. కబడ్డీలో డిఫెండర్ల వెనక కూర్చుంటేనే రైడర్ ముఖం దొరుకుతుంది, ఇందులో కెమెరా ధర చేసేదేమీ లేదు. బ్యాడ్మింటన్లో ఫ్లాష్ వద్దే వద్దు, పిల్లలకు షటిల్ కనపడదు.

అపోహ: మెమరీ కార్డు ఫార్మాట్ అయితే ఫోటోలన్నీ పోయినట్టే.

రాత్రి పదకొండింటికి ఏడుస్తూ ఫోన్ చేసేవాళ్లు ఉంటారు, పాపం. మామూలు ఫార్మాట్‌లో పోయేది చాలావరకు ఫైళ్ల జాబితా మాత్రమే, ఫోటోలు కార్డులోనే ఉంటాయి. వాటి మీద కొత్తవి తీస్తేనే నిజంగా పోతాయి. కార్డునంతా చెరిపేసే లో లెవెల్ ఫార్మాట్ కొట్టి ఉంటే మాత్రం ఆశ తక్కువ. ఏదైనా సరే, వెంటనే కార్డు బయటికి తీసి విడిగా పెట్టండి, మిగతా మ్యాచ్ ఇంకో కార్డుతో తీయండి. రికవరీ సంగతి ఇంటికెళ్లాక కంప్యూటర్ ముందు చూసుకోవచ్చు.