అంతరిక్షంలో సిగరెట్టు వెలుగుతుందా? అపోహలు - వాస్తవాలు

విశాఖ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో ఫైర్ సేఫ్టీ క్లాసులు చెప్పడం నా పని. ఏ బ్యాచ్‌కి వెళ్లినా, బోర్డు మీద ఫైర్ ట్రయాంగిల్ (మంటకు కావాల్సిన ఇంధనం, వేడి, ఆక్సిజన్ చూపే త్రిభుజం) గీయడం పూర్తి కాకముందే ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, అంతరిక్షంలో సిగరెట్టు తాగొచ్చా?" క్లాసంతా నవ్వుతుంది. నేను నవ్వను. ఆ ప్రశ్నకు వాళ్లలో వాళ్లు చెప్పుకునే జవాబుల్లో ఒకటి మన ఇళ్లల్లో మనుషుల ముఖాలు కాలుస్తోంది. రాయడానికి కూర్చున్నది దాని కోసమే. ముందు చిన్నవి కానిచ్చేస్తాను.

అపోహ: స్పేస్ స్టేషన్ బయటికొచ్చి వెలిగించుకోవచ్చు.

కుదరదు. బయట గాలే లేదు. పొగాకు చుట్టూ ఉన్న గాలిని పీల్చుకునే కాలుతుంది. హెల్మెట్ తీసిన మనిషికి పది పదిహేను సెకన్లలో స్పృహ తప్పుతుంది.

అపోహ: రాకెట్ మండుతోంది కదా, సిగరెట్టు ఎందుకు మండదు?

రాకెట్ తనకు కావాల్సిన ఆక్సిజన్‌ను తనే మోసుకెళ్తుంది. మన పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి దశలో ఘన ఇంధనంతో పాటు ఆక్సిజన్ ఇచ్చే అమ్మోనియం పెర్‌క్లోరేట్ కలిసి ఉంటుంది. అగ్గిపుల్ల మందులోనూ అలాంటిదే పొటాషియం క్లోరేట్ ఉంటుంది కాబట్టి శూన్యంలో ఆ మందు భగ్గుమనొచ్చు, పుల్ల మాత్రం అంటుకోదు.

అపోహ: బరువు లేని చోట మంట దానంతటదే ఆరిపోతుంది.

ఇందులో కొంత నిజముంది, అందుకే జనం గట్టిగా నమ్ముతారు. ఇంట్లో దీపం వెలిగిస్తే వేడెక్కిన గాలి పైకి పోతుంది, ఆ ఖాళీలోకి కింద నుంచి చల్లగాలి వస్తుంది. ఆ లాగుడుకే మంట కోసుగా నిలబడుతుంది. భారరహిత స్థితిలో గాలికి పైనా కిందా లేవు. కొవ్వొత్తి వెలిగిస్తే వత్తి చుట్టూ చిన్న నీలిబుడగలా ఉంటుంది మంట, దాదాపు గుండ్రంగా. గాలి కదలకపోతే నీరసించి ఆరిపోవచ్చు కూడా.

కానీ ఇంటర్నేషనల్ స్పేస్ స్టేషన్‌లో గాలిని కదలకుండా ఉండనివ్వరు. ఫ్యాన్లు ఆగితే నిద్రపోతున్న మనిషి ముఖం చుట్టూ అతను వదిలిన కార్బన్ డయాక్సైడే పేరుకుంటుంది. అందుకని రాత్రీ పగలూ గాలి తిప్పుతూనే ఉంటారు. లోపల గాలి మన గాలిలాంటిదే, దాదాపు 21 శాతం ఆక్సిజన్, మామూలు పీడనం. అంటే అక్కడ సిగరెట్టు వెలుగుతుంది. వెలుగుతుంది కాబట్టే నిషేధం. నుసి కింద రాలదు, తేలుతూ కళ్లలోకీ పరికరాల్లోకీ పోతుంది. పొగ పైకప్పుకి చేరదు, ఫ్యాన్ ఎటు లాగితే అటు పోతుంది. అందుకే స్మోక్ డిటెక్టర్లు గాలి తిరిగే దారిలో పెడతారు. మంట అని తెలిస్తే వెంటనే ఆపేవాటిలో ఆ ఫ్యాన్లు ఉంటాయి. 1997 ఫిబ్రవరి 23న రష్యా మిర్ స్టేషన్‌లో ఆక్సిజన్ తయారు చేసే క్యానిస్టర్ అంటుకుంది. లోపల ఆరుగురున్నారు. స్టేషనంతా పొగ కమ్మేసింది, మాస్కులు పెట్టుకుని ఎలాగో బయటపడ్డారు.

ఇప్పుడు అసలు విషయం.

అపోహ: ఆక్సిజన్ మంచి గాలే కదా, ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

క్లాసులో ఇది ఇలా వస్తుంది: "స్పేస్‌సూట్‌లో ప్యూర్ ఆక్సిజనే ఉంటుందట సార్, అందులో అయితే దర్జాగా తాగొచ్చు." సూట్‌లో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఉండే మాట నిజం. నేల మీద గాలి పీడనంలో సగం కూడా లేని ఒత్తిడిలో ఉంటుంది. అయినా అక్కడ నిప్పురవ్వ చాలు, ప్రాణం పోతుంది. ఆక్సిజన్ తను మండదు, పక్కవాటిని మండిస్తుంది. మన గాలిలో 78 శాతం నైట్రోజన్ ఉంది. అది మంట వేడిని కొంత లాగేసుకుని మనల్ని కాపాడుతోంది. అది తీసేస్తే నైలాన్, వెల్‌క్రో, తల వెంట్రుకలు, అన్నీ ఎండుగడ్డితో సమానం.

1961 మార్చిలో సోవియట్ వ్యోమగామి శిక్షణలో ఉన్న వాలెంటిన్ బొందరెంకో, ఆక్సిజన్ ఎక్కువగా నింపిన గదిలో స్పిరిట్ దూది పక్కకి విసిరాడు. అది వేడి ప్లేటు మీద పడింది. ఆ కాలిన గాయాలతోనే చనిపోయాడు. 24 ఏళ్లు. 1967 జనవరి 27న అమెరికా అపోలో 1 నౌక క్యాబిన్‌లో మంట రేగి వ్యోమగాములు గస్ గ్రిసమ్, ఎడ్ వైట్, రోజర్ చాఫీ చనిపోయింది అంతరిక్షంలో కాదు, నేల మీద, ఉత్త పరీక్షలో. క్యాబిన్ నిండా మామూలు పీడనం కంటే ఎక్కువ పీడనంతో స్వచ్ఛమైన ఆక్సిజన్. లోపలికి తెరుచుకునే తలుపును ఆ ఒత్తిడికి తీయలేకపోయారు. ఆ తర్వాతే లాంచ్‌ప్యాడ్ మీద క్యాబిన్‌లో 40 శాతం నైట్రోజన్ కలపడం మొదలుపెట్టారు.

ఇది ఎక్కడో అమెరికా కథ అనుకోకండి. కోవిడ్ తర్వాత మన ఊళ్లల్లో ఎన్ని ఇళ్లల్లో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు (గాలిలోంచి ఆక్సిజన్ వేరు చేసి ఇచ్చే మెషీన్లు) ఉన్నాయో చూడండి. దాని గొట్టంలోంచి వచ్చేది 90 శాతం పైబడిన ఆక్సిజన్.

మూడేళ్ల కిందట నా క్లాసు విన్న ఒక వార్డుబాయ్ నన్ను శ్రీకాకుళం దగ్గర తమ ఊరు తీసుకెళ్లాడు. వాళ్ల మామ్మకి ఊపిరితిత్తుల జబ్బు. ఆవిడది అడ్డపొగ, నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం. నలభై ఏళ్లుగా నాలుక కాలకుండా తాగింది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకునే చుట్ట ముట్టించింది. నుసి దులపడానికి బయటికి తీసిందంతే. గొట్టం మైనంలా కరిగి పై పెదవికి అంటుకుంది. నేను వెళ్లేసరికి ఆ చర్మం ఇంకా పచ్చిగానే ఉంది, చీర కొంగు అంచు నల్లగా ముడుచుకుపోయింది. "నిప్పు నోట్లోనే ఉంది కదా బాబూ, బయటెక్కడుంది?" అంది. ఆవిడ తప్పేముంది? మెషీన్ బిగించి వెళ్లిన మనిషి ఆ ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే. దానికి తోడు "గొట్టం తీసేసి తాగితే ఏం కాదు" అని వాట్సాప్‌లో తిరుగుతోంది. ఆక్సిజన్ దుప్పట్లో, జుట్టులో, బట్టల్లో చాలాసేపు నిలిచి ఉంటుంది. మెషీన్ ఆపి వెంటనే ముట్టిస్తే ఆ బట్టలే భగ్గుమంటాయి.

ఆ రోజు మామ్మ కోడలు నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ భయంభయంగా అడిగింది: "మరి పూజ దీపం కూడా పెట్టుకోకూడదా అండీ?" పెట్టుకోండమ్మా. వేరే గదిలో, మెషీన్‌కి కనీసం పది అడుగుల దూరంలో పెట్టండి. అగరుబత్తీ అయినా, గ్యాస్ పొయ్యి అయినా అంతే. గొట్టం పెట్టుకున్న మనిషిని వాటి దగ్గరికి రానివ్వకండి. ముక్కు దగ్గర వాజెలిన్, నూనె రాయకండి. మెషీన్ వాడనప్పుడు ఆపేయండి, గొట్టం మంచం మీద పడేసి వదలకండి. కిటికీ తెరిచి ఉంచండి.