చెరువు పక్కన గుడారం, కారవాన్ మకాం: అపోహలు - వాస్తవాలు

ఉత్తరాంధ్రలోని తాటిపూడి, ఆండ్ర, మడ్డువలస, హిరమండలం జలాశయాల పేర్లు చెప్పి "నీళ్ల పక్కన ఓ రాత్రి ఉండాలి, ఏర్పాటేమిటి?" అని అడిగేవాళ్లు ముందుగా అడిగేది టెంట్ ఎంత పెద్దది, కారవాన్‌లో (పడకలు, వంటిల్లు ఉన్న ఇంటిబండిలో) ఏసీ ఉందా అని. నీటి సంగతి ఎవరూ అడగరు. మన జలాశయాలు విహారం కోసం కట్టినవి కావు. పొలాలకీ, తాగునీటికీ కట్టినవి. వాటిలో నీరు పెరగడం, తగ్గడం గేట్ల చేతిలోనూ పైనున్న కొండల వానల చేతిలోనూ ఉంటుంది. ప్రయాణం లెక్క అక్కడ మొదలుపెట్టాలి.

అపోహ: ఇక్కడ వాన లేదు కదా, నీటి అంచునే గుడారం వేసుకోవచ్చు.

వాస్తవం: నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి. అక్కడ కుండపోత పడితే, ఇక్కడ ఆకాశంలో చుక్కలు కనిపిస్తుండగానే ఏరు ఎక్కుతుంది. వరద వచ్చి గేట్లు ఎత్తినప్పుడు జలాశయం ఒడ్డున ఉన్నవాళ్లకంటే దిగువన ఏటి ఇసుకలో పడుకున్నవాళ్లకే ముప్పు ఎక్కువ. ఆనకట్టకి, బ్యారేజీకి దిగువన ఇసుక ఎంత తెల్లగా, ఎంత మెత్తగా ఉన్నా అక్కడ మకాం వద్దు.

ఒడ్డున చోటు ఎంచుకునేటప్పుడు తుప్పల్ని చూడండి. ఎండుగడ్డి, ప్లాస్టిక్ సంచులు, పుల్లలు ఒకే ఎత్తులో వరసగా చిక్కుకుని కనిపిస్తాయి. పోయిన వరద అక్కడిదాకా వచ్చిందని అర్థం. గుడారం అడుగు ఆ గీతకి కనీసం మీటరు పైన ఉండాలి, నీటి అంచుకి 60 మీటర్ల దూరంలో ఉండాలి. సాయంత్రం నీటి అంచున ఓ పుల్ల గుచ్చి, పడుకునే ముందు టార్చి వేసి చూడండి. జానెడు నీరు ఎక్కి ఉంటే అప్పుడే సర్దుకుని పైకి కదలండి, తెల్లారేదాకా ఆగొద్దు. అన్నిటికంటే నమ్మకమైన కబురు గేట్లు, కాలువలు చూసుకునే లస్కరు దగ్గర దొరుకుతుంది. "రేపు నీరు వదులుతున్నారా?" అని ఒక్క మాట అడిగితే చాలు. తిరుగుదారిలో గెడ్డ (కొండవాగు) మీద కాజ్‌వే, అంటే వరదకి మునిగే లోవంతెన ఉంటే దాన్ని కూడా లెక్కలో పెట్టుకోండి. మకాం సురక్షితంగానే ఉన్నా దారి మునిగిపోవచ్చు.

అపోహ: దసరా సెలవులొచ్చాయంటే వానలు అయిపోయినట్టే.

వాస్తవం: ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. మూడూ దసరా రోజుల చుట్టుపక్కలే. తిత్లీ దాటింది పలాస దగ్గర, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేసింది. అక్టోబరు, నవంబరుల్లో వెళ్లాలనుకుంటే డబ్బు వెనక్కి వచ్చే షరతు మీదే బుక్ చేసుకోండి. బయల్దేరే ముందు వరసగా మూడు రోజులు వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట కనబడితే మానుకోండి. మా సలహా డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య వరకు. పొద్దుటి మంచులో జాతీయ రహదారి మీద పెద్ద బండి నడపకుండా ఎండ వచ్చాక బయల్దేరితే ఆ రోజులకి సాటి లేదు.

అపోహ: నేల పగుళ్లిచ్చింది, ఎండిపోయింది, బండి దించొచ్చు.

వాస్తవం: బళ్లు కూరుకుపోయేది ఎక్కువగా ఇలాంటి చోటే. చెరువు గర్భంలో పైపొర బెల్లం అచ్చులా గట్టిపడుతుంది, జానెడు కింద జిగటమట్టి అలాగే ఉంటుంది. మనిషి నడిస్తే ఏమీ కాదు. మూడు, నాలుగు టన్నుల కారవాన్ చక్రం పైపొరని విరిచేసి దిగిపోతుంది. గునపం నిలువుగా పట్టి ఒంటిచేత్తో నొక్కండి. 15 సెంటీమీటర్లు దాటి దిగితే బండి తేవద్దు. నాలుగు చక్రాలు ఆనే చోట్ల విడివిడిగా చూడాలి. కోతలయ్యాక ఖాళీగా ఉన్న కల్లాం దొరికితే అంతకంటే మంచి చోటు లేదు, కాకపోతే రైతుని అడిగి మాత్రమే.

ఒకవేళ చక్రం దిగిందా, యాక్సిలరేటర్ తొక్కకండి. తిరిగేకొద్దీ లోతవుతుంది. నీళ్ల ట్యాంకు ఖాళీ చేయండి, 100 లీటర్లంటే 100 కిలోలు తగ్గినట్టు. టైర్లలో కొంత గాలి తీసి, చక్రం ముందు మట్టి తవ్వి చెక్కలు పెట్టి, ట్రాక్టరుతో నెమ్మదిగా లాగించండి. గొలుసు టో హుక్‌కే (బండిని లాగడానికి ఉండే కొక్కేనికే) తగిలించాలి, బంపర్‌కి కాదు.

ఇసుక నేలలో మామూలు గుడారం మేకులు నిలవవు, రాత్రి గాలికి ఊడొస్తాయి. గోనెసంచి నిండా ఇసుక నింపి, తాడు కట్టి, అడుగున్నర లోతున పాతిపెట్టండి. కొబ్బరిచెట్టు కింద, తాటిచెట్టు కింద మాత్రం గుడారమూ వద్దు, బండీ వద్దు.

అపోహ: ఇన్వర్టర్ బ్యాటరీ ఉంటే రాత్రంతా ఏసీ వేసుకోవచ్చు.

వాస్తవం: లెక్క వేసి చూడండి. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లెడ్ యాసిడ్ బ్యాటరీలో 1800 వాట్ అవర్లు ఉంటాయి. పాడవకుండా వాడుకోగలిగేది సగం, అంటే 900. ఒక టన్ను ఏసీ గంటకి దాదాపు వెయ్యి తాగుతుంది. గంట కూడా రాదు. అదే 28 వాట్ల ఫ్యాను 9 గంటలకి 252, రెండు ఎల్‌ఈడీ బల్బులు 50, నాలుగు ఫోన్లు 60, నీళ్ల పంపు 30. మొత్తం నాలుగొందల లోపే. రెండు రాత్రులు గడిచిపోతాయి. చిన్న ఫ్రిజ్ పెడితే రోజుకి ఇంకో 500 కలపండి. అప్పుడు 200 వాట్ల సోలార్ పలక కావాలి, మంచి ఎండ కాస్తే 700 పైన ఇస్తుంది. ఏసీ కావాల్సిందే అనుకుంటే కరెంటు కనెక్షన్ ఉన్న కాటేజీ దగ్గరే ఆగండి. పొలం మోటారు పెట్టె నుంచి వైరు లాక్కోవడం ప్రాణాంతకం. ఎక్కడ కరెంటు తీసుకున్నా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఉండాలి. చుట్ట చుట్టిన ఎక్స్‌టెన్షన్ వైరు వేడెక్కి కరుగుతుంది, పూర్తిగా విప్పి వాడండి.

అపోహ: చలేస్తే గుడారంలో కుంపటి పెట్టుకుని జిప్పు వేసేస్తే సరి.

వాస్తవం: బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కుంపటి, గ్యాస్ పొయ్యి రెండూ గుడారం బయటే. కారవాన్‌లో గ్యాస్ ఉంటే నేలమట్టంలో గాలి కంత తెరిచి ఉందో లేదో చూడండి. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే కిందే నిలుస్తుంది. తెల్లారేసరికి గుడారం లోపలంతా తడిసి ఉంటే అది కారడం కాదు, మన ఊపిరి తేమే. పై కిటికీలు తెరిచి ఉంచితే తగ్గుతుంది.

అపోహ: చుట్టూ ఉప్పు, వెల్లుల్లి, ఫినాయిల్ చల్లితే పాములు రావు.

వాస్తవం: వీటిలో దేన్నీ నమ్ముకోవద్దు. చెరువు గట్టు కన్నాల్లో, మదుం (తూము) రాళ్ల సందుల్లో ఎలుకలుంటాయి, వాటి కోసం పాములొస్తాయి. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. అడుగు కుట్టి ఉన్న గుడారం, ఎత్తు మంచం, ఎప్పుడూ మూసిన జిప్పు, చేతిలో టార్చి, దులిపి తొడుక్కునే బూట్లు, ఇవే కాపాడేవి. కరిచిందన్న అనుమానం వచ్చినా సరే, కోయడం, తాడు బిగించడం, మంత్రం వద్దు. కదలనివ్వకుండా 108లో విషం విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ ఆసుపత్రి ఏదో బయల్దేరకముందే కనుక్కుని రాసుకోండి. మడ్డువలస, తోటపల్లి వైపైతే ఏనుగుల సంచారం గురించి అటవీ సిబ్బందిని కూడా అడగండి.

అపోహ: కారవాన్ మరుగుదొడ్డి కింద మలం నిలిచే పెట్టెని (క్యాసెట్‌ని) గెడ్డలో కుమ్మరిస్తే నీళ్లే కొట్టుకుపోతాయి.

వాస్తవం: తాటిపూడి నీరు విశాఖ నగరం తాగుతుంది. 18 లీటర్ల క్యాసెట్ ఇద్దరికి రెండు మూడు రోజులు వస్తుంది. దాన్ని సెప్టిక్ ట్యాంకు ఉన్న మరుగుదొడ్డిలోనే ఒంపాలి. ఫార్మాల్డిహైడ్ ఉన్న మందు వాడితే సెప్టిక్ ట్యాంకులో పనిచేసే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, అది లేని మందు కొనండి. గిన్నెలు కడిగిన నీళ్లు వడగట్టి ఒడ్డుకి 60 మీటర్ల అవతల పారబోయండి.

అపోహ: శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం పక్షులు సైబీరియా నుంచి వస్తాయి.

వాస్తవం: అక్కడ గూళ్లు కట్టే గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు మన దక్షిణాసియా పక్షులే. అదే జిల్లాలోని తేలుకుంచికి వచ్చే ఓపెన్‌బిల్ కొంగలూ అంతే. నీళ్లు, మేత, చెట్లు చూసుకుని గూడు కట్టడానికి వస్తాయి. అందుకే మకాం పెట్టేవాళ్లకి ఈ సంగతి ముఖ్యం. రాత్రి జనరేటరు మోతకి, ఫ్లడ్‌లైటుకి పెద్ద పక్షి గూడు వదిలి లేస్తే గుడ్లూ పిల్లలూ కాకుల పాలవుతాయి. గూళ్లున్న చెట్ల దగ్గర మకాం వద్దు. పగలు వెళ్లి బైనాక్యులర్స్‌తో చూడండి, రాత్రికి టెక్కలిలో గది తీసుకోండి.