సైన్స్ తరగతిలో సిమ్యులేషన్లు: అపోహలు, వాస్తవాలు

అపోహ: తెర మీద సిమ్యులేషన్ (ప్రయోగాన్ని కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్) చూపిస్తే పిల్లలు చురుగ్గా నేర్చుకున్నట్టే.

మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. తరగతిలో ప్యానెల్ (పెద్ద డిజిటల్ తెర) బిగించిన కొత్తలో, పదో తరగతి విద్యుత్ పాఠానికి ఫెట్ (PhET) అనే సైన్స్ సిమ్యులేషన్ల వెబ్‌సైట్‌లోని సర్క్యూట్ సిమ్యులేషన్ తెరిచాను. బ్యాటరీ, తీగలు, బల్బులు నేనే కలిపాను, స్విచ్ నేనే వేశాను. "చూశారా?" అంటే "చూశాం మేడమ్" అన్నారు. మర్నాడు ప్రశ్నలు అడిగితే తెలిసింది, నల్లబల్ల పోయి రంగుల బల్ల వచ్చిందంతే.

ఇప్పుడు స్విచ్ వేసే ముందు ఆగుతాను. ఒకే రకం బల్బులు రెండు, ఒకే దారిలో ఒకదాని వెనక ఒకటిగా (శ్రేణిలో) ఉన్నాయి, ఏది ఎక్కువ వెలుగుతుంది? జవాబు నోట్సులో రాయాలి, పక్కవారితో వాదించాలి. చాలామంది బ్యాటరీకి దగ్గరున్నదే అంటారు. మొదటి బల్బు కొంత కరెంటు వాడేసుకుంటుందని వాళ్ల లెక్క. వీధి చివరి ఇంటి కొళాయికి సన్నటి ధారే రావడం రోజూ చూస్తున్న పిల్లలు మరి! స్విచ్ వేస్తే రెండూ ఒకేలా వెలుగుతాయి. అప్పుడు మొదలవుతుంది గోల. కరెంటును కొలిచే అమ్మీటర్‌ను మొదటి బల్బుకు ముందు, రెండింటి మధ్య, చివర పెట్టి చూడమని వాళ్లే అడుగుతారు. అన్నిచోట్లా ఒకటే రీడింగు. బల్బు తీసుకునేది శక్తిని, కరెంటును కాదు అని అప్పుడు చెబితే వింటారు. ముందే రాయించకపోతే మాత్రం "నాకు తెలుసు మేడమ్" అననివారు ఒక్కరూ ఉండరు.

అపోహ: అడుగడుగునా సూచనలు ఇవ్వకపోతే పిల్లలు ఆటలో పడిపోతారు.

పడనివ్వండి, ఓ 5-10 నిమిషాలు. ఫెట్ రూపకర్తలు ఇచ్చే సలహా కూడా ఇదే. "మొదట ఇది నొక్కు, తర్వాత అది" అని రాసిచ్చిన రోజు పిల్లలు కాగితాన్నే చూస్తారు, తెరను చూడరు. నేనిచ్చేది ఒక్క ప్రశ్న: ఒక బల్బు తీసేసినా రెండోది వెలుగుతూనే ఉండాలంటే ఎలా కలపాలి? సమాంతర సంధానం అనే మాట నా నోట రాకముందే రెండు మూడు జట్లు దాన్ని కట్టేస్తాయి.

అపోహ: ఇక ప్రయోగశాల అక్కర్లేదు.

ఇందులో సగం నిజముంది. కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో, సర్క్యూట్లను సిమ్యులేషన్‌లో నేర్చుకున్న విద్యార్థులు అసలు పరికరాలతో నేర్చుకున్నవారికన్నా భావనలపై మెరుగైన జవాబులు ఇచ్చారు. నిజమైన సర్క్యూట్ కట్టడంలోనూ వెనకబడలేదు. కానీ తెర మీద కనెక్షన్ వదులు కాదు, తీగ కొనకు పట్టిన తుప్పును గరుకు కాగితంతో రుద్దే పని ఉండదు. మా బీరువాలోని అమ్మీటర్ ముల్లు సున్నా దగ్గర ఎప్పుడూ నిలవదు. కొలతలో దోషమంటే ఏమిటో నేర్పడానికి దాన్ని మించిన పరికరం నాకు దొరకలేదు.

అపోహ: తెర మీద కనిపించేదే ప్రకృతి.

నీలి గుండ్లలా పరుగెత్తే ఆ ఎలక్ట్రాన్లు బొమ్మలే. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత వైశాల్యమున్న రాగి తీగలో 1 ఆంపియర్ ప్రవహిస్తుంటే వాటి డ్రిఫ్ట్ వేగం (తీగ వెంట సగటున ముందుకు జరిగే వేగం) సెకనుకు సుమారు 0.07 మిల్లీమీటర్లు. మీటరు దూరానికి దాదాపు నాలుగు గంటలు! మరి స్విచ్ వేయగానే బల్బు ఎలా వెలుగుతోంది? తీగ పొడవునా ఉన్న ఎలక్ట్రాన్లన్నీ దాదాపు ఒకేసారి కదులుతాయి కాబట్టి. ఈ తేడా చెప్పకుండా వదిలేస్తే సిమ్యులేషనే కొత్త అపోహ నాటుతుంది.

అపోహ: పిల్లకో కంప్యూటర్, నిరంతర ఇంటర్నెట్ కావాలి.

అక్కర్లేదు. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ ఉచితం. ఇంట్లో దించుకొని బడిలో నెట్ లేకుండానే నడపవచ్చు. ఊహ రాయించి, వాదించుకోనివ్వడానికి ఒక్క తెర చాలు, మౌస్ మాత్రం పిల్లల చేతికివ్వాలి.

అలా ఇచ్చిన రోజే ఒక అబ్బాయి బ్యాటరీ రెండు కొసలనూ ఒకే తీగతో కలిపేశాడు. తెర మీద బ్యాటరీకి మంటలు. తరగతంతా నవ్వు. వాడు మాత్రం నవ్వలేదు. "ఇంట్లో ఇలా అయితే?" అన్నాడు. రెండు వారాల తర్వాత రావలసిన ఫ్యూజు పాఠం ఆ పీరియడ్‌లోనే అయిపోయింది.