కింది నుంచి చూస్తే ఈక కూడా పురుగే

తొలకరి పడిన సాయంత్రం కోనసీమలో ఏ కాలువ గట్టు మీద నిలబడినా కనిపించేదే ఇది. వీధి దీపం చుట్టూ ముసిరిన ఉసుళ్ళు టపటపా నీళ్ళలో రాలతాయి. కాసేపటికి చిన్న చిన్న సుడులు, గుటుక్కుమనే చప్పుళ్ళు. చేపలకు ఆ పూట పెళ్ళి భోజనం.

మనమైతే గేలానికి ఎర్రను గుచ్చి, జీలుగు బెండు ఎప్పుడు మునుగుతుందా అని కూర్చుంటాం. అమెరికాలో బ్లూగిల్, బాస్ చేపల్ని పట్టేవాళ్ళలో కొందరు నిజమైన ఎర జోలికే పోరు. కొక్కేనికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి పురుగుని తయారుచేస్తారు. దాని పేరు ఫ్లై. దూది పింజలాంటి దాన్ని విసిరితే దూరం పోదు కదా! అందుకే బరువంతా గేలం తాడులో ఉంటుంది. చెర్నాకోలలా తాడును ఝళిపిస్తే, దాని వెంట ఫ్లై వెళ్ళి మెత్తగా వాలుతుంది.

సుమారు 1,800 ఏళ్ళ కిందటే రోమన్ రచయిత ఏలియన్ దీని గురించి రాశాడు. మాసిడోనియా జాలర్లు కొక్కేనికి ఎరుపు ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు కట్టేవారట. ఇప్పటికీ చాలా ఫ్లైలకు పుంజు మెడ ఈకలే వాడతారు. సంక్రాంతి బరుల దగ్గర రాలిన ఈకలు చూస్తే నాకు ఇదే గుర్తొస్తుంది.

ఈకలే ఎందుకంటే, చేప చూసే తీరు వేరు. నీటి లోపలి నుంచి పైకి చూస్తే బయటి లోకమంతా సుమారు 97 డిగ్రీల శంకువులోకి ముడుచుకుని, గుండ్రటి కిటికీలా కనిపిస్తుంది. చేప అడుగు లోతులో ఉంటే ఆ కిటికీ వెడల్పు రెండడుగుల పైచిలుకు. దాని అవతల, సందిగ్ధ కోణం (వెలుగు నీటి పొరను దాటలేక వెనక్కి మళ్ళడం మొదలయ్యే వాలు) దాటాక, నీటి పైపొర అద్దమైపోయి కాలువ అడుగునే తిరిగి చూపిస్తుంది. ఆ అద్దం మీద నిలిచిన పురుగు ఒళ్ళు చేపకు కనపడదు. కాళ్ళు నీటి పొరను నొక్కిన చోట మెరిసే చుక్కలే కనిపిస్తాయి. ఈక పోగులు పెట్టేవీ అలాంటి చుక్కలే. రెక్కల రంగు కోసం గంటలు తగలేసేవాళ్ళు చేప కన్నా తమ కళ్ళకే ఎక్కువ నచ్చజెబుతున్నారని నా అనుమానం.

బ్లూగిల్‌ది చిన్న నోరు. దగ్గరికొచ్చి, ఆగి, పరీక్షగా చూసి పీల్చుకుంటుంది. అందుకని ఫ్లై కూడా చిన్నదే ఉండాలి. పెద్ద నోటి బాస్‌కు నీటి మీద బుడుంగుమనే బెండు పురుగు కావాలి. ఒంటి పక్కన ఉండే పార్శ్వ రేఖతో అది నీటి కదలికను పసిగడుతుంది.

ఆ రెండూ ఉత్తర అమెరికా చేపలు. మాటు వేయడంలో బాస్‌కు మన జోడీ కొర్రమీను. గాలి పీల్చడానికి పైకి రాక తప్పదు, గుర్రపుడెక్క చాటున కప్ప కోసం కాపు కాస్తుంది. పిల్లలు ఎర్రటి గుంపుగా పైన తేలుతుంటే పెద్ద చేప కిందే కాపలా ఉంటుంది. అప్పుడు బొమ్మ కప్పను విసిరితే, ఆకలి లేకపోయినా పిల్లల కోసం మీద పడుతుంది. ఆ ఎర్ర గుంపు కనిపిస్తే నేను గేలం చుట్టేసి ఇంకో రేవు వెతుక్కుంటాను.