కోడ్‌లో తేదీలు ఎందుకు తారుమారవుతాయి: ఫార్మాట్ లోపాల నేపథ్యం

ఒక ఫైలులోని తేదీల కాలమ్‌లో మొదటి విలువ 12/01/2024, రెండోది 13/01/2024. రాసినవారి లెక్కలో అవి వరుస రోజులు, జనవరి 12, జనవరి 13. పైథాన్ భాషలో పట్టికల డేటా కోసం వాడే పాండాస్ లైబ్రరీ పాత వెర్షన్లకు ఫార్మాట్ చెప్పకుండా ఇస్తే, మొదటిదాన్ని డిసెంబర్ 1గా, రెండోదాన్ని జనవరి 13గా చదివేవి. ముందు నెల, తర్వాత రోజు అనుకోవడం వాటి అలవాటు. 13వ నెల లేదు కాబట్టి రెండో విలువ దగ్గర ఆ అలవాటును పక్కన పెట్టేవి. ప్రోగ్రామ్ మాత్రం ఆగేది కాదు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన 2.0 వెర్షన్ మొదటి విలువను చూసి ఒకే ఫార్మాట్ ఖాయం చేసుకుంటుంది, తర్వాతివి దానికి కుదరకపోతే ఎర్రర్ ఇస్తుంది. అప్పుడు ఆగిపోయిన పాత కోడ్‌లో కొంత భాగం అంతకుముందు నుంచీ తప్పు తేదీలే ఇస్తోంది.

తేదీ లోపాల్లో ఎక్కువ నష్టం చేసేవి ఇలాంటివే, ఎర్రర్ లేకుండా దాటిపోయేవి. వాటి మూలం వెతుకుతూ పోతే, దాదాపు ప్రతిసారీ ఏదో ఒక కాలంలో జాగా కోసమో సౌకర్యం కోసమో చేసుకున్న ఏర్పాటు దగ్గర తేలుతాం. ఆ ఏర్పాటు తెలిస్తే లోపాన్ని పట్టుకోవడం చాలా తేలిక.

రెండంకెల సంవత్సరం

పంచ్ కార్డు మీద 80 నిలువు వరుసలుండేవి, అంటే 80 అక్షరాలు. పేరు, ఖాతా నంబరు, మొత్తం, తేదీ అన్నీ అందులోనే సర్దాలి. అందుకని సంవత్సరంలో మొదటి రెండంకెలు వదిలేసి తేదీని ఆరంకెలకు కుదించారు. కార్డులు పోయి టేపులు, డిస్కులు వచ్చినా ఆ అమరిక అలాగే ఉండిపోయింది. వ్యాపార లెక్కలకు వాడే పాత భాష కోబాల్‌లోని ప్రోగ్రాములు దాన్ని దశాబ్దాల పాటు మోశాయి. 2000 దగ్గరపడ్డాక కొన్నిచోట్ల ఫీల్డును నాలుగంకెలకు పెంచారు. మిగతాచోట్ల చవకైన దారి పట్టారు: ఒక సరిహద్దు పెట్టుకుని, అంతకు పైవి 1900లు, కిందివి 2000లు అని అనుకోవడం.

ఆ సరిహద్దు ఇప్పటికీ లైబ్రరీల్లో ఉంది, అదీ ఒక్కోచోట ఒక్కోలా. యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు చెందిన పోసిక్స్ ప్రమాణం, దాన్ని అనుసరించే పైథాన్ 69 నుంచి 99 వరకు 1900లుగా, 00 నుంచి 68 వరకు 2000లుగా తీసుకుంటాయి. జావాలో తేదీలను రాసి చదివే పాత క్లాసు సింపుల్‌డేట్‌ఫార్మాట్, తన ఆబ్జెక్ట్ తయారైన సమయానికి 80 ఏళ్లు వెనక్కి, 20 ఏళ్లు ముందుకి చూస్తుంది, కాబట్టి దాని పరిధి ఏటా జరుగుతూ ఉంటుంది. జావా 8లో వచ్చిన కొత్త క్లాసు డేట్‌టైమ్‌ఫార్మాటర్ అన్నిటినీ 2000 నుంచి 2099 మధ్యే పెడుతుంది. పుట్టిన సంవత్సరం 65 అని ఉంటే, 2025లో సింపుల్‌డేట్‌ఫార్మాట్ ఇచ్చే జవాబు 1965, మిగతా రెండూ ఇచ్చేది 2065. పాత జావా కోడ్‌ను కొత్త క్లాసులకు మార్చేటప్పుడు దీన్ని తప్పక చూసుకోవాలి. రెండంకెలు తప్పించుకోలేనప్పుడు ఆ కొత్త ఫార్మాటర్‌ను తయారుచేసే డేట్‌టైమ్‌ఫార్మాటర్‌బిల్డర్‌లోని అపెండ్‌వాల్యూరెడ్యూస్డ్ మెథడ్‌కు మూల సంవత్సరాన్ని మనమే ఇవ్వాలి.

సీ భాష ఇంకో ఏర్పాటు చేసుకుంది. అందులో తేదీని భాగాలుగా దాచే టీఎం అనే నిర్మాణంలో సంవత్సరమంటే 1900 తర్వాత గడిచిన ఏళ్లు, నెల 0 నుంచి 11 వరకు, రోజు మాత్రం 1 నుంచి. 2000 జనవరి 1న చాలా వెబ్ పేజీలు 19100 సంవత్సరమని చూపించడానికి ఇదే కారణం: 19 అనే అక్షరాల పక్కన 100 అతికించారు. ఈ పద్ధతే జావా తొలి డేట్ క్లాసులోకి వచ్చింది. 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్ట్ తొలి రూపం తయారుచేసినప్పుడు దాన్ని జావా నుంచి అలాగే తెచ్చుకున్నారు. జావా 1997లోనే, 1.1 వెర్షన్‌లో, ఆ మెథడ్లలో చాలావాటిని వాడొద్దని ప్రకటించింది. జావాస్క్రిప్ట్‌కు ఆ వెసులుబాటు లేదు, తీసేస్తే పాత వెబ్ పేజీలు చెడిపోతాయి. అందుకే ఇప్పటికీ అందులో 2024, 1, 31 అని ఇస్తే ఫిబ్రవరి 31 అని అర్థం చేసుకుని, గొడవ చేయకుండా మార్చి 2 ఇస్తుంది.

అక్షరం చిన్నదా, పెద్దదా

1989 నాటి సీ ప్రమాణంలో తేదీని అక్షరాలుగా రాసే ఫంక్షన్ స్ట్రెఫ్‌టైమ్‌లో శాతం గుర్తు పక్కన చిన్న ఎం అంటే నెల, పెద్ద ఎం అంటే నిమిషం. జావా దీన్ని తిరగేసింది: పెద్ద ఎం నెల, చిన్న ఎం నిమిషం. రెండు లోకాల మధ్య తిరిగే ప్రతి డెవలపర్ చేయీ ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడ తడబడుతుంది. రాసేటప్పుడు తప్పితే నెల స్థానంలో 37, 52 లాంటి అంకెలు కనిపిస్తాయి, వెంటనే దొరుకుతుంది. చదివేటప్పుడు తప్పితేనే కష్టం. సింపుల్‌డేట్‌ఫార్మాట్ నెల అంకెను నిమిషాలుగా తీసుకుని, నెల తెలియక జనవరి వేసుకుంటుంది. డేటా అంతా జనవరిలోనే ఉండి, సమయాలన్నీ అర్ధరాత్రి దాటిన 1 నుంచి 12 నిమిషాల మధ్యే ఉంటే కారణం ఇదే.

గంటలకూ ఇదే గొడవ. పెద్ద హెచ్ 24 గంటలది, చిన్న హెచ్ 12 గంటలది. చిన్న హెచ్‌తో, ఏఎం పీఎం లేకుండా రాస్తే మధ్యాహ్నం 14:30 కాస్తా 02:30 అవుతుంది. అదే ఫార్మాట్‌తో 12:15ని చదివితే 00:15 వస్తుంది. పెద్ద డి అంటే నెలలో రోజు కాదు, సంవత్సరంలో ఎన్నో రోజు. దీంతో రాసిన కోడ్ జనవరి అంతా చక్కగా పనిచేసి ఫిబ్రవరి 1న 32 చూపిస్తుంది. జనవరిలో రాసి, జనవరిలోనే పరీక్షించి విడుదల చేస్తే ఎవరికీ అనుమానం రాదు.

వీటన్నిటికన్నా చెడ్డది పెద్ద వై. జావా 7 నుంచి అది వారాల లెక్కలో సంవత్సరం. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ పద్ధతిలో వారం సోమవారం మొదలవుతుంది, మొదటి గురువారం ఉన్న వారమే ఆ ఏడాది మొదటి వారం. 2015 జనవరి 1 గురువారం కాబట్టి 2014 డిసెంబర్ 29 సోమవారం 2015 మొదటి వారంలోకి వెళ్లింది. సరిగ్గా ఆ రోజే ట్విటర్‌లో ఆండ్రాయిడ్ వాడుకరులు చాలామంది లాగౌట్ అయిపోయారు. సర్వర్ పంపిన తేదీలో రోజు, నెల సరిగ్గానే ఉన్నాయి, సంవత్సరం మాత్రం 2015 అని ఉంది. స్ట్రెఫ్‌టైమ్‌లో పెద్ద వై రాయాల్సిన చోట వారాల సంవత్సరానికి గుర్తైన పెద్ద జి పడినప్పుడు వచ్చే ఫలితం సరిగ్గా ఇదే. గమనించండి, స్ట్రెఫ్‌టైమ్‌లో సరైనది పెద్ద వై, జావాలో సరైనది చిన్న వై. ఏడాదిలో 360 రోజులకు పైగా మామూలు సంవత్సరం, వారాల సంవత్సరం రెండూ ఒకే జవాబిస్తాయి. అమెరికా లోకేల్‌లో (ప్రాంతాన్ని బట్టి మారే అమరికలో) వారం ఆదివారం మొదలై, జనవరి 1 ఉన్న వారమే మొదటిది కావడంతో తేడా డిసెంబర్ 26 నుంచే కనిపించవచ్చు.

ప్రమాణం వచ్చాక కూడా

సంవత్సరం, నెల, రోజు అనే వరుసను ఐఎస్ఓ 8601 ప్రమాణం 1988లో స్థిరపరిచింది. దానిలో రూపాలు మరీ ఎక్కువ కావడంతో ఇంటర్నెట్ అవసరాలకు సరిపోయేంత చిన్న భాగాన్ని 2002లో ఆర్ఎఫ్‌సీ 3339 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం విడిగా నిర్వచించింది. 2024-03-04 అని రాస్తే ఎక్కడైనా మార్చి 4 అవుతుందన్న నమ్మకం అలా వచ్చింది. ఆ నమ్మకాన్ని వమ్ము చేసే చోట్లు ఇంకా ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని పాత డేట్‌టైమ్ రకం, సెషన్ భాష బ్రిటిష్ అయితే, దీన్ని ఏప్రిల్ 3గా చదువుతుంది. హైఫన్లు లేకుండా 20240304 అని రాయడం, లేదా డేట్‌టైమ్2 రకం వాడడం సురక్షితం. పీహెచ్‌పీలోని స్ట్ర్‌టుటైమ్ గీత వాలుగా ఉంటే ముందున్నది నెల అనుకుంటుంది, హైఫన్ ఉంటే రోజు అనుకుంటుంది. గుర్తు మారితే అర్థం మారుతుంది.

జావాస్క్రిప్ట్‌లో గందరగోళం ప్రమాణంలోనే ఉండింది. 2009 నాటి ఐదో సంచిక ప్రకారం టైమ్ జోన్ చెప్పని తేదీ స్ట్రింగ్ (అక్షరాల వరుస) ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో ఉన్నట్టు. 2015 సంచిక దాన్ని స్థానిక సమయమంది. 2016లో రాజీ కుదిరింది: తేదీ ఒక్కటే ఉంటే యూటీసీ, సమయం కూడా ఉంటే స్థానికం. అందుకే యూటీసీకి వెనకున్న ప్రాంతాల్లో 2024-03-10 అనే స్ట్రింగ్ తెరమీద మార్చి 9గా కనబడుతుంది. యూటీసీకి ముందున్న ప్రాంతాల్లో స్థానిక అర్ధరాత్రిని యూటీసీలోకి మార్చి రాసే టుఐఎస్ఓస్ట్రింగ్‌తో పంపితే సర్వర్‌కు ముందు రోజు తేదీ చేరుతుంది. పుట్టినరోజు, సెలవు రోజు లాంటివి కాలక్షణాలు కావు, క్యాలెండర్ తేదీలు. వాటిని డేట్ ఆబ్జెక్ట్‌గా మార్చకుండా స్ట్రింగ్‌గానే పంపి, డేటాబేస్‌లో తేదీ రకంలో దాచడమే సరైన పరిష్కారం. 12 గంటలు కలిపి నెట్టుకొచ్చే చిట్కా చాలా కోడ్‌లో కనిపిస్తుంది. యూటీసీ కంటే 13, 14 గంటలు ముందున్న ప్రాంతాలున్నాయి కాబట్టి అది నిలవదు.

లోకేల్ డేటా కూడా కదులుతూ ఉంటుంది. 2023 మార్చిలో వచ్చిన జావా వెర్షన్ జేడీకే 20లో ఏఎం, పీఎంల ముందున్న మామూలు ఖాళీ స్థానంలో యూనికోడ్ 202ఎఫ్ అనే సన్నని ఖాళీ చేరింది. తెరమీద తేడా తెలియదు, కానీ మామూలు ఖాళీని ఆశించే పార్సర్లు (రాసినదాన్ని తిరిగి తేదీగా చదివే కోడ్) విఫలమయ్యాయి. మనుషులకు చూపడానికి తయారైన వాక్యాన్ని ప్రోగ్రామ్ తిరిగి చదవకూడదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

టైమ్ జోన్ల విషయంలో మూడక్షరాల సంక్షేపాలను నమ్మొద్దు. సీఎస్‌టీ అంటే అమెరికా మధ్య ప్రాంతమూ కావచ్చు, చైనా కావచ్చు, క్యూబా కావచ్చు. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ మొదలుపెట్టిన, 2011 నుంచి ఇంటర్నెట్ పేర్లు, నంబర్లు చూసే సంస్థ ఐయానా ఆధ్వర్యంలో ఉన్న టైమ్ జోన్ డేటాబేస్ పేర్లనే వాడాలి. పైథాన్‌లో టైమ్ జోన్ల కోసం వాడే పైటీజెడ్ లైబ్రరీలోని జోన్‌ను నేరుగా డేట్‌టైమ్‌కు టీజెడ్‌ఇన్ఫోగా ఇస్తే న్యూయార్క్‌కు 4 గంటల 56 నిమిషాల తేడా వస్తుంది. అది ప్రామాణిక జోన్లు రాకముందు నాటి స్థానిక సౌరకాలం. లోకలైజ్ మెథడ్ వాడాలి, లేదా పైథాన్ 3.9లో చేరిన జోన్‌ఇన్ఫోకు మారాలి.

తప్పు విలువే ఆధారం

లోపం వెతకడం మొదలుపెట్టే ముందు తప్పుగా వచ్చిన తేదీనే జాగ్రత్తగా చూడాలి. చాలా సిస్టమ్‌లు సమయాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగానో మిల్లీసెకన్లుగానో లెక్కిస్తాయి, కాబట్టి ఆ తేదీ కనిపిస్తే ఖాళీ విలువ సున్నాగా మారింది. 1970 జనవరి 20 చుట్టుపక్కల ఉంటే, మిల్లీసెకన్లు అడిగే చోట సెకన్లు ఇచ్చారు. సంవత్సరం యాభై వేలు దాటితే అదే తప్పు తిరగబడింది. 1899 డిసెంబర్ 30 అయితే స్ప్రెడ్‌షీట్ సున్నా: పాత స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ లోటస్ 1-2-3, 1900ను లీపు సంవత్సరంగా లెక్కించడం, అనుకూలత కోసం ఎక్సెల్ ఆ లెక్కనే కొనసాగించడం వల్ల మూలం ఒక రోజు వెనక్కి జరిగింది. తేడా సరిగ్గా 1462 రోజులుంటే ఒక ఫైలు 1904 నుంచి రోజులు లెక్కించే ఎక్సెల్ పద్ధతిలో ఉంది. జనవరి డేటా ఒక్కో నెల ఒకటో తారీఖున చల్లినట్టు కనిపిస్తే రోజు, నెల తారుమారయ్యాయి.

తర్వాత మూల స్ట్రింగ్‌ను, మార్పులేమీ జరగకముందు వచ్చినదాన్ని, లాగ్‌లో రాయించాలి. డీబగ్గర్ చూపించే విలువ అప్పటికే స్థానిక సమయంలోకి మారి ఉండొచ్చు. ఫార్మాట్‌ను అక్షరాలా ఇచ్చి, కఠినంగా చదివించాలి. సింపుల్‌డేట్‌ఫార్మాట్ మామూలుగా 2023 ఫిబ్రవరి 30ని మార్చి 2 చేస్తుంది, సెట్‌లీనియెంట్‌కు ఫాల్స్ ఇస్తేనే తిరస్కరిస్తుంది. పైగా దాన్ని ఒకేసారి నడిచే థ్రెడ్ల మధ్య పంచుకుంటే విలువలు కలగలిసిపోతాయి. కొత్త డేట్‌టైమ్‌ఫార్మాటర్‌లో ఆ బెడద లేదు, కానీ సొంత ప్యాటర్న్ ఇస్తే అదీ ఫిబ్రవరి 30ని ఫిబ్రవరి 28గా సర్దేస్తుంది. చదివిన అంకెలను తేదీగా తేల్చే రిజాల్వర్‌ను స్ట్రిక్ట్‌కు మార్చాలి. అలా మార్చినప్పుడు చిన్న వై బదులు చిన్న యు వాడాలి, లేకపోతే శకం తెలియలేదని సరైన తేదీలను కూడా కాదంటుంది.

ఇప్పటికే పాడైన డేటాను కోడ్ దిద్దినంత మాత్రాన బాగుచేయలేం. 13 నుంచి 31 వరకున్న రోజులు సరిగ్గానే చేరి ఉంటాయి కాబట్టి కాలమ్ మొత్తాన్ని తిప్పేస్తే రెండో తప్పు జరుగుతుంది. మూల ఫైళ్లు ఉంటే తిరిగి లోడ్ చేయడమే మంచిది. లేకపోతే వరుస నంబరు, రికార్డు సృష్టించిన సమయం లాంటి మరో ఆధారంతో ఒక్కో వరుసను పోల్చాలి. పరీక్షలకు నేటి తేదీ చాలదు: ఫిబ్రవరి 29, డిసెంబర్ 26 నుంచి జనవరి 3 వరకు ప్రతి రోజూ, అర్ధరాత్రి, మధ్యాహ్నం 12:15, 32 బిట్ల సెకన్ల లెక్క నిండే 2038 జనవరి 19 యూటీసీ 03:14:07, దాని తర్వాతి సెకను. వీటన్నిటినీ యూటీసీకి ముందున్న ఒక జోన్‌లో, వెనకున్న ఒక జోన్‌లో రెండుసార్లు నడపాలి.